ముగ్గురు స్నేహితులు, 113 కిలోమీటర్లు, ఒక సేవాపని: హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి మొదటి రోజు నుంచి చివరి రసీదు దాకా

సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత. ఒడ్డుకొచ్చి తడి ఆరకముందే 90 కిలోమీటర్ల సైకిల్. అది దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, అన్నీ ఒకే రోజు, వరసగా. దీన్నే హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటారు. మైళ్ళలో లెక్కేస్తే 70.3 కాబట్టి పోటీ పేరులో ఆ అంకె కనిపిస్తుంది. ఐరన్‌మ్యాన్ పేరుతో ఈ పోటీ మన దేశంలో మొదటిసారి 2019 అక్టోబరులో గోవాలో, పణజిలోని మిరామార్ బీచ్ దగ్గర జరిగింది.

మేం ముగ్గురం స్నేహితులం, నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళం, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగాలు. ఒకడికి అసలు ఈతే రాదు. మాలో ఒకరి అక్క కొడుక్కి తలసీమియా ఉంది. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపే మందు మానకుండా వాడాలి. అలాంటి పిల్లల మందుల కోసం డబ్బు పోగుచేద్దామని ఈ పనికి దిగాం. తొమ్మిది నెలలు పట్టింది. మీరూ ఇలాంటిది తలపెడితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక్క మాట మొదటే చెప్పాలి. శిక్షణ ప్లాన్ జట్టులో అందరికంటే వెనకున్న మనిషికి సరిపోవాలి. డబ్బు లెక్క అందరికంటే తక్కువ ఇచ్చిన దాతకు కూడా అర్థం కావాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

1. పేరు నమోదు చేయకముందే కాగితం మీద రాసుకోండి

ఉత్సాహం మీద ఎంట్రీ ఫీజు కట్టేసి, తర్వాత మాట్లాడుకుందాంలే అనుకోవద్దు. ఒక సాయంత్రం కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి.

ఒకటి, ఎవరికి వాళ్ళు మొత్తం చేస్తారా, రిలేగా చేస్తారా? రిలేలో ఒకరు ఈదుతారు, ఒకరు తొక్కుతారు, ఒకరు పరుగెడతారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళో, నీళ్ళంటే భయం పోనివాళ్ళో జట్టులో ఉంటే రిలే చక్కని దారి. దాతలు ఇచ్చే డబ్బు విలువ దాంతో తగ్గిపోదు.

రెండు, మధ్యలో ఎవరికైనా గాయమైతే మిగతావాళ్ళు ఆగుతారా, వెళ్తారా? మేం వెళ్ళాలనే రాసుకున్నాం. అలా రాసుకోబట్టి ఆరో నెలలో ఒకరికి పిక్క కండరం పట్టేసి మూడు వారాలు పరుగు ఆపాల్సొచ్చినా, నా వల్ల అందరూ ఆగిపోతున్నారన్న దిగులు అతనికి లేకుండా పోయింది.

మూడు, ఫీజు, సైకిల్, రైలు, గది ఖర్చులు ఎవరివి? ఎవరివి వాళ్ళవే. విరాళంలో ఒక్క రూపాయి కూడా మన ప్రయాణానికి వెళ్ళకూడదు. ఇది బేరం లేని షరతు.

నాలుగు, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల. చివరి మూడు నెలలు వారానికి పది గంటలు ఇంటి నుంచి పోతాయి. ఆదివారం పొద్దున్న పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్నది ముందే తేలాలి.

ఇవయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. ట్రయథ్లాన్‌లలో (ఇలా ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీల్లో) జరిగిన మరణాల్లో ఎక్కువ ఈత దశలోనే జరిగాయి, వాటిలో చాలావాటికి కారణం గుండె. భయపెట్టడానికి కాదు, ఈ పరీక్షలు వాయిదా వేయొద్దని చెప్పడానికి రాస్తున్నాను.

2. సంస్థను ఎంచుకోవడం, డబ్బు నడిచే దారి

మీకు తెలిసిన సమస్య మీదే పనిచేసే సంస్థను వెతకండి. ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి. అడగాల్సినవి: 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ ఉందా, గత ఏడాది ఆడిట్ రిపోర్టు చూపిస్తారా, మన డబ్బు దేనికి వాడారో కాగితం ఇస్తారా. వీటికి తడుముకునే చోట ఆగిపోండి.

డబ్బు నేరుగా సంస్థ బ్యాంకు అకౌంట్‌కే వెళ్ళాలి. ఇక్కడ మేం తప్పు చేశాం. తొందరలో మొదటి వారం ఒక మిత్రుడి ఫోన్ నంబర్‌కి యూపీఐ చేయమన్నాం. పదకొండు మంది వేసేశారు. తీరా రసీదులు రాయబోతే, సంస్థకు డబ్బు పంపింది మిత్రుడు కాబట్టి రసీదు కూడా అతని పేరు మీదే వస్తుందని తెలిసింది. అందరికీ ఫోన్లు చేసి, డబ్బు తిరిగి ఇచ్చి, మళ్ళీ సంస్థ అకౌంట్‌కే వేయించాం. ఎవరూ ఏమీ అనలేదు గానీ రెండు వారాలు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పన్ను మినహాయింపు కావాలనే దాతలకు మూడు విషయాలు ముందే చెప్పండి. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే 80జి వర్తించదు. సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కి పేరు, అడ్రసు, పాన్ కావాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి ఈ మినహాయింపు రాదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఉదారంగా ఇస్తారు, అందుకే ఈ సంగతి జాగ్రత్తగా చదవండి. డాలస్‌లో ఉన్న మీ బావ దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, ఆయన తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో అందుకోసం తెరిచిన అకౌంట్‌లోనే పడాలి. అలాంటి డబ్బు మీ సొంత అకౌంట్లోకి పొరపాటున కూడా వేయించుకోవద్దు.

3. ఈత: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఓపిగ్గా

సైకిల్ మీద అలసిపోతే దిగి నిలబడొచ్చు. పరుగులో నడవొచ్చు. నీళ్ళలో ఆ వీలు లేదు. కాబట్టి ఈత రానివాళ్ళుంటే తొమ్మిది నెలల్లో మొదటి రోజు నుంచే పూల్‌కి వెళ్ళాలి, కోచ్ దగ్గర నేర్చుకోవాలి. వీడియోలు చూసి నేర్చుకునే విద్య కాదిది.

మా మిత్రుడు మొదటి పది రోజులు పూల్ అంచు కడ్డీ పట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టడం, ముక్కుతో బుడగలు వదలడం, తల పక్కకి తిప్పి గాలి పీల్చడం, అంతే చేశాడు. పక్క లేన్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలు చేపల్లా దూసుకుపోతుంటే అతను కడ్డీ వదల్లేదు. ఆ పది రోజులే అతన్ని గట్టెక్కించాయి. ఊపిరి వదలడం వచ్చినవాడికి ఈత సగం వచ్చినట్టే. కొత్తవాళ్ళు గాలి అందక కాదు, లోపలి గాలిని వదలక ఆయాసపడతారు.

రెండో నెల ఆఖరుకి 25 మీటర్లు ఆగకుండా, నాలుగో నెలకి 400, ఆరో నెలకి 1,500, ఏడో నెలకి 2,000. ఇంతకంటే తొందర అక్కర్లేదు. 25 మీటర్ల పూల్‌లో 1.9 కిలోమీటర్లంటే 76 లెంగ్త్‌లు, 50 మీటర్లదైతే 38. ఈతకి సాధారణంగా ఇచ్చే గడువు గంటా పది నిమిషాలు. అంటే 100 మీటర్లకి దాదాపు 3 నిమిషాల 40 సెకన్లు. పూల్‌లో 3 నిమిషాల్లో ఈదగలిగితే సముద్రానికి కాస్త వెసులుబాటు ఉంటుంది.

తర్వాత సముద్రం. పూల్‌లో కింద నల్ల గీత కనిపిస్తుంది, ఇక్కడ ఏమీ కనిపించదు. మేం విశాఖలో రుషికొండ దగ్గర, లైఫ్‌గార్డులున్న వేళ, తెలిసిన ఈతగాళ్ళతో కలిసి దిగాం. ఆర్కే బీచ్ దగ్గర దిగొద్దు. అక్కడి సుడులకి, లోపలికి లాగే ప్రవాహాలకి ఎందరో బలయ్యారు.

పూల్‌లో 1,500 మీటర్లు ఈదే మా మిత్రుడు సముద్రంలో యాభై మీటర్లకే ఆగిపోయాడు. నోట్లోకి ఉప్పునీళ్ళు, గుండె దడదడ. ముందే నేర్పిన ప్రకారం వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ ఇరవై దాకా లెక్కపెట్టాడు. నడుముకి కట్టుకున్న నారింజ రంగు ఫ్లోట్ ఆసరాగా వెనక్కి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్న నడుము లోతులోనే అరగంట ఉన్నాం. మూడో రోజు 300 మీటర్లు ఈదాడు. వెల్లకిలా తేలడం రానివాళ్ళని సముద్రంలోకి తీసుకెళ్ళొద్దు.

ఆరు స్ట్రోకులకోసారి మొసలిలా కళ్ళు మాత్రం పైకెత్తి, ముందున్న బాయ్ (దారి చూపడానికి నీళ్ళ మీద తేలే గుర్తు) ఎటుందో చూసుకోవడం కూడా సాధన చేయండి. అది లేకపోతే వంకర టింకరగా పోయి రెండు మూడు వందల మీటర్లు అదనంగా ఈదుతారు.

4. సైకిల్

రోజులో సగం సమయం దీని మీదే గడుస్తుంది. ఖరీదైన సైకిల్ కంటే కొలతకి సరిపోయే సైకిల్ ముఖ్యం. సీటు ఎత్తు ఒక అంగుళం తేడా వచ్చినా 60వ కిలోమీటరు దగ్గర మోకాలు చెబుతుంది. షాపులో బైక్ ఫిట్ (మీ ఒంటి కొలతకి సీటూ హ్యాండిలూ సరిచేయడం) చేయించుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు.

హైదరాబాద్‌వాళ్ళకి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల మేర తెరిచారు. లారీల భయం లేకుండా స్థిరమైన వేగం అలవాటు చేసుకోవడానికి బాగుంటుంది. ఎత్తు కావాలంటే వికారాబాద్ వైపు అనంతగిరి గుట్టలు. విశాఖవాళ్ళకి భీమిలి దాకా బీచ్ రోడ్డు ఉండనే ఉంది, ఎదురుగాలి కూడా అక్కడే అలవాటవుతుంది. తెల్లారకముందు బయల్దేరితే ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్, హెల్మెట్ తప్పనిసరి.

వెనక టైరు విప్పి, ట్యూబ్ మార్చి, గాలి కొట్టడం ముగ్గురికీ రావాలి. ఇంటి వరండాలో పది సార్లు చేయండి. పది నిమిషాల్లోపు అయ్యేదాకా వదలొద్దు. పోటీలో బయటివాళ్ళు చెయ్యేస్తే మిమ్మల్ని పోటీ నుంచి తీసేయొచ్చు. ఇంకోటి, ముందు సైకిల్ వెనక అంటుకుని గాలి చాటున తొక్కడం నిషేధం. స్నేహితులు కలిసి తొక్కడానికి అలవాటు పడి ఇక్కడే పెనాల్టీ తెచ్చుకుంటారు. చివరి రెండు నెలలు కావాలనే దూరం దూరంగా తొక్కండి.

5. పరుగు, బ్రిక్

సైకిల్ దిగి పరుగు మొదలుపెడితే కాళ్ళు మనవి కానట్టుంటాయి. అలా వెంటవెంటనే చేసే సాధనను బ్రిక్ అంటారు. వారానికోసారి, సైకిల్ తర్వాత పదిహేను నిమిషాలు పరుగెత్తినా చాలు. మిగతా పరుగంతా మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలోనే ఉండాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. ముగ్గురిలో మెల్లగా వెళ్ళే మనిషిని ముందు పెట్టి, మిగతావాళ్ళు వెనక పరుగెడితే ఇది దానంతటదే కుదురుతుంది.

మేం అనుసరించిన వారం ఇలా ఉండేది: సోమవారం విశ్రాంతి, మంగళ, గురువారాల్లో పొద్దున్న ఈత, బుధవారం గంట పరుగు, శుక్రవారం ఈత, కాసేపు నడుముకీ తొడలకీ వ్యాయామం, శనివారం లాంగ్ రైడ్, దిగగానే బ్రిక్, ఆదివారం లాంగ్ రన్. మొదట్లో వారానికి ఆరు గంటలు, ఏడెనిమిది నెలల్లో పది పదకొండు. మూడు వారాలు పెంచి, నాలుగో వారం సగానికి తగ్గించాలి. ఆ తగ్గించే వారంలోనే ఒళ్ళు కోలుకుని గట్టిపడుతుంది. దాన్ని ఎగ్గొట్టి ఎక్కువ చేసినవాళ్ళే గాయాల పాలవుతారు. మా పిక్క కథ కూడా అదే.

6. తిండీ, నీళ్ళూ

సైకిల్ మీద గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. జెల్ ప్యాకెట్లే అక్కర్లేదు. ఒక అరటిపండులో దాదాపు 25 గ్రాములు, నాలుగు చిన్న ఖర్జూరాల్లో 20, చిన్న బెల్లం ముక్కలో 10, అర లీటరు ఓఆర్‌ఎస్‌లో ఆరేడు. గంట లెక్క సరిపోయింది. పల్లీ చిక్కీ, నువ్వుండలు రుచిగానే ఉంటాయి గానీ నూనె ఉండటం వల్ల ఆలస్యంగా అరుగుతాయి, పోటీ రోజు వద్దు.

నీళ్ళు ఎంత తాగాలో మీ ఒళ్ళే చెప్పాలి. గంట పరుగుకి ముందూ తర్వాతా తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు. మా ముగ్గురిలో ఒకరికి గంటకి 700 మిల్లీలీటర్లు పోతే ఇంకొకరికి లీటరున్నర పోయింది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళు అదే పనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్తుంది.

ఎండలో తోటి మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, అడుగులు తడబడినా వడదెబ్బగానే తీసుకోవాలి. నీడకి చేర్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి, ఐసు పెట్టి, వెంటనే వైద్య సాయం పిలవాలి. పూర్తి చేయనిద్దాం అనుకోకూడదు.

7. డబ్బు అడగడం

చాలామంది పోటీకి వారం ముందు అడుగుతారు. నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. ముందు మీరు ముగ్గురూ మీ వాటా వేయండి. తర్వాత దగ్గరివాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. గ్రూపులో పెట్టిన మెసేజ్‌ని అందరూ చూస్తారు, ఎవరో ఒకరు ఇస్తారులే అనుకుంటారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు. నేను మా పెద్దమ్మ కొడుక్కి పంపింది ఇది:

"అన్నయ్యా, నవంబరులో నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ 113 కిలోమీటర్ల పోటీ చేస్తున్నాం. తలసీమియా పిల్లల మందుల కోసం. కిలోమీటరుకి పది రూపాయలు ఇస్తే 1,130 అవుతుంది. రూపాయి చొప్పున ఇచ్చినా సంతోషమే. డబ్బు నేరుగా సంస్థ అకౌంట్‌కే వెళ్తుంది, మా ఖర్చులు మేమే పెట్టుకుంటున్నాం. వీలైతే చూడు."

ఇలా కిలోమీటరు లెక్కన అడిగితే ఎవరి స్తోమతకి తగ్గట్టు వాళ్ళు ఎంచుకుంటారు. పోటీ పూర్తి చేస్తేనే డబ్బు అన్న షరతు మాత్రం పెట్టొద్దు. మీ తిమ్మిరికీ ఆ పిల్లల మందుకీ ముడి ఉండకూడదు.

రోజూ సాయంత్రం ఒక నోటు పుస్తకంలో తేదీ, పేరు, మొత్తం, రసీదు వచ్చిందా లేదా రాసుకున్నాం. నాకు ఏడో తరగతి లెక్కలు చెప్పిన మాస్టారు 113 రూపాయలు పంపారు. వారం తర్వాత ఫోన్ చేసి, "రసీదు ఇంకా రాలేదు నాయనా" అన్నారు. అనుమానంతో కాదు, లెక్క తేలాలని. ఆ రోజే సంస్థకి ఫోన్ చేసి పెండింగ్ రసీదులన్నీ తెప్పించాం. అప్పటి నుంచి ప్రతి శనివారం రసీదుల పనే ముందు, మిగతాది తర్వాత.

8. చివరి రెండు వారాలు, ప్రయాణం

సాధన మొదటి వారం మూడింట రెండొంతులకి, రెండో వారం మూడో వంతుకి తగ్గించండి. ఒళ్ళు బరువుగా, బద్ధకంగా అనిపిస్తుంది, కంగారు పడొద్దు. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త సీటు ఏదీ వద్దు. సైకిల్‌ని పెట్టెలో సర్దే ముందు పెడల్స్, హ్యాండిల్ ఎలా విప్పారో ఫోటో తీసుకోండి. రెండు రోజుల ముందే చేరుకుని, ఒకసారి సముద్రంలో దిగి చూడండి. మన తీరాల్లో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, వెట్‌సూట్ (చల్లటి నీళ్ళలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తులు) పని ఉండదు. ముందు రాత్రి పెరుగన్నమో, ఇడ్లీలో, మీ పొట్టకి తెలిసిందే తినండి.

9. ఆ రోజు

మా అంచనా ఇలా వేసుకున్నాం: ఈత 55 నిమిషాలు, గంటకి 25 కిలోమీటర్ల చొప్పున సైకిల్ 3 గంటల 36 నిమిషాలు, కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల చొప్పున పరుగు 2 గంటల 38 నిమిషాలు, బట్టలూ బూట్లూ మార్చుకోవడానికి 15. మొత్తం 7 గంటల 24 నిమిషాలు. ఇలాంటి పోటీల్లో మామూలుగా గడువు ఎనిమిదిన్నర గంటలు, అంటే గంటకి పైగా చేతిలో ఉన్నట్టు. మీ పోటీ నియమావళిలో గడువులు చూసి, ఈ లెక్క మీ జట్టులో మెల్లగా వెళ్ళేవాళ్ళ వేగంతోనే కట్టండి.

నీళ్ళలో గాభరా పడితే వెల్లకిలా తేలండి, లేదా పక్కనున్న కయాక్ (చిన్న తెడ్ల పడవ) పట్టుకోండి. దాంతో ముందుకి కదలనంతవరకు అది తప్పు కాదు. సైకిల్ మొదటి 30 కిలోమీటర్లు మరీ నిదానంగా ఉందే అనిపించాలి. పరుగులో ప్రతి నీళ్ళ స్టాల్ దగ్గర నడవండి, తాగండి, తల మీద పోసుకోండి, మళ్ళీ కదలండి. చంకల్లో, తొడల మధ్య పొద్దున్నే వాజెలిన్ రాసుకోవడం మరిచిపోతే ఉప్పు, చెమట కలిసి కోసేస్తాయి.

మాలో ఈత నేర్చుకున్న మిత్రుడు గంటా ఆరు నిమిషాలకి ఒడ్డు చేరాడు. గడువుకి నాలుగు నిమిషాలు. ముగ్గురం వేర్వేరు టైములకి లైను దాటాం, అతను ఎనిమిది గంటలా పన్నెండు నిమిషాలకి. అప్పటిదాకా మేమిద్దరం మెడల్స్ వేసుకోకుండా కూర్చున్నాం.

10. తర్వాత

గది చేరగానే సైకిల్‌ని మంచినీళ్ళతో కడిగి, చైన్‌కి నూనె పెట్టండి, ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. పది రోజులు పరుగు వద్దు, నడక చాలు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

వారంలోపు దాతలందరికీ ఒకే మెసేజ్: ఎంత వచ్చింది, ఎంతమంది ఇచ్చారు, సంస్థకి ఎప్పుడు చేరింది, దేనికి వాడుతున్నారు. మందులు కొన్న బిల్లు అడిగి తీసుకుని దాని ఫోటో పెట్టండి. పిల్లల ముఖాలు పెట్టొద్దు. 80జి సర్టిఫికెట్లు ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు సంస్థ ఇవ్వాలి. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి, ఏప్రిల్‌లో ఒకసారి సంస్థకి గుర్తుచేయండి. మా నోటు పుస్తకంలో ఆఖరి టిక్కు పడింది మే 19న, మాస్టారి పేరు పక్కన.